జాగింగ్‌లో వాచీ 170 చూపిస్తే? ముందు మెడ మీద వేళ్ళు పెట్టి చూడు

38 ఏళ్ళకు జాగింగ్ మొదలుపెట్టి పది రోజులైంది, వాచీలో గుండె 170 చూపిస్తోంది, ఆపేయాలా అని అడిగావు కదా తమ్ముడూ. రెండేళ్ళ కింద, 47 ఏళ్ళప్పుడు నాదీ ఇదే టెన్షన్. నల్లగొండలో మా పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద ఉరుకుతుంటే వాచీలో 176 పడింది. 220లోంచి వయసు తీసేస్తే వచ్చేది గరిష్ఠం అంటారు, నాకది 173. ఇంకేముంది, కట్ట మీదే కూలబడ్డా.

రోజూ అక్కడికి నడకకొచ్చే ఒక రిటైర్డ్ పీఈటీ సారు చూసి నవ్వి, రేపు ఆగిన వెంటనే మెడ పక్కన వేళ్ళు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టు, నాలుగుతో గుణించు అన్నాడు. మర్నాడు 35 వచ్చింది, అంటే 140, వాచీలో మాత్రం 174! వదులుగా కట్టుకుంటే కొన్ని వాచీలు అడుగుల ఊపునే గుండె చప్పుడనుకుంటాయట, ఉరుకుతుంటే నిమిషానికి 160, 170 అడుగులు పడనే పడతాయి.

నీ లెక్కకొస్తే గరిష్ఠం 182. అందులో 50 నుంచి 70 శాతం, అంటే 91–127 మధ్య ఉంటే హాయిగా సాగుతుంది, 155 వరకూ గట్టి కష్టం కిందే లెక్క. కాస్త దాటితే కొంప మునగదు, ఎందుకంటే ఆ సూత్రం సగటు మాత్రమే, మనిషిని బట్టి పది పన్నెండు అటూ ఇటూ అవుతుంది. ఇంతకంటే నేను నమ్మేది మాటనే. పక్కవాడితో రెండు మూడు వాక్యాలు ఆయాసపడకుండా మాట్లాడగలిగితే సరిపోయినట్టే, లేకపోతే నడక. నేను మొదటి నెలన్నర ఒక నిమిషం ఉరుకుడు, రెండు నిమిషాలు నడక, అంతే.

ఎండాకాలం మన దగ్గర ఏడు దాటితే అదే వేగానికి గుండె ఇంకా ఎక్కువ కొట్టుకుంటుంది, అప్పుడు వేగం తగ్గించు. అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకు ఈ అంకెలేవీ పనికిరావు, ఆ మందులే గుండె వేగాన్ని పట్టి ఉంచుతాయి. షుగరో బీపీయో ఉన్నా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉన్నా డాక్టర్‌కు చూపించుకున్నాకే ఉరుకు. ఛాతీ పట్టేసినట్టున్నా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, కళ్ళు తిరిగినా వాచీ ఎంత చూపిస్తుందో చూడకు, ఆగి వెంటనే ఆసుపత్రికి పో.

వాచీని మణికట్టు ఎముకకు రెండు వేళ్ళు పైకి బిగించి కట్టు. రేపు మెడ మీద లెక్కపెట్టి ఎంత వచ్చిందో ఇక్కడే చెప్పు.