గంపలకొద్దీ బెండకాయలు, తర్వాత ఖాళీ గంపలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాకు ఎకరం లోపే పొలం ఉందండీ. నేనూ మా ఆయనా అత్తమ్మా కలిసి రెండేళ్లుగా మందులు కొట్టకుండా కూరగాయలు పండిస్తున్నాం. పంటకి ఢోకా లేదు గానీ ఒక వారం గంపలకొద్దీ బెండకాయలొస్తాయి, అమ్ముడుపోక పశువులకి వేసేస్తాం, తర్వాత రెండు వారాలు ఎవరైనా అడిగితే ఇవ్వడానికి ఏమీ ఉండదు. అలా ఒకసారి ఖాళీ చేతుల్తో వెళ్లినవాళ్లు మళ్లీ రావట్లేదు. ఇది ఎలా సరిచేసుకోవాలి?

జవాబు: విత్తనాలు ఎప్పుడు వేశారో మీరు రాయలేదు గానీ మడులన్నీ ఒకేరోజు వేసుంటారని నా అనుమానం. వాన పడింది, నేల పదునుగా ఉంది, చేతిలో విత్తనం ఉంది, ఇంకేం అని అంతా వేసేస్తాం. నేనూ అంతే, ఒక ఏడాది ముల్లంగి మొత్తం ఒక్కరోజే వేశాను, 30 రోజులకి అన్నీ ఒకేసారి ఊరాయి, సగం అమ్మేలోపు మిగతా సగం లోపల బెండులా అయిపోయింది.

అందుకే లెక్క అటువైపు నుంచి మొదలుపెట్టండి. ముందు కొనేవాళ్లు ఎంతమందో చూసుకుని అప్పుడు విత్తనం తీయండి. ఉదాహరణకి 20 ఇళ్లు ఉన్నాయి, ఒక్కో ఇల్లు వారానికి రెండుసార్లు అరకిలో చొప్పున బెండ తీసుకుంటుంది అనుకుందాం, అంటే వారానికి 20 కిలోలు, అంతకంటే ఎక్కువ కాసినా మీకు పనికిరాదు. మీ సాలుకి ఎన్ని కిలోలు వస్తున్నాయో ఒక సీజన్ నోట్‌బుక్‌లో రాసుకుంటే ఎన్ని సాళ్లు వేయాలో అదే చెప్తుంది. బెండ విత్తిన 45, 50 రోజులకి కోతకొస్తుంది, తర్వాత చాలా వారాలు కాస్తూనే ఉంటుంది కాబట్టి మూడు వారాలకోసారి కొన్ని సాళ్లు వేస్తే చాలు. తోటకూర లాంటివి 25, 30 రోజుల్లోనే అయిపోతాయి, వాటిని పదిరోజులకోసారి ఒక చిన్న మడి చొప్పున వేయాలి. వంగ, టమాటా అయితే నారు రెండు విడతలుగా పోసుకుంటే సరిపోతుంది.

ఇంకోటి, బెండని రోజు మార్చి రోజు కోయాల్సిందే. అమ్ముడుపోవట్లేదు కదా అని చెట్టునే వదిలేస్తే కాయ ముదిరి పీచు పట్టడమే కాదు, చెట్టు బలమంతా గింజలకి పోయి కొత్త పూత తగ్గిపోతుంది. మీ రెండు వారాల ఖాళీకి సగం కారణం ఇదే అయ్యుండొచ్చు.

ఎంత ప్లాన్ చేసినా కొన్ని వారాలు పలచగానే ఉంటాయి, అది దాచొద్దు. ఎండలు ముదిరితే కొత్తిమీర ఆకు పెట్టకుండా పూతకొచ్చేస్తుంది, మీరేం చేయలేరు. ముందురోజు సాయంత్రమే రేపు ఏమేం కోస్తున్నామో ఫోన్‌లో మెసేజ్ పెట్టేయండి, ఎవరికెంత కావాలో రాత్రికే తెలిసిపోతే పొద్దున్నే అంతే కోస్తారు, మిగలడం అనే మాటే ఉండదు. ఆకుకూరలు ఎండెక్కకముందే కోసి తడిగుడ్డ కప్పి నీడలో పెట్టండి, పండిన టమాటాలు మాత్రం వాటి పక్కన పెట్టకండి, టమాటా నుంచి వచ్చే ఇథిలీన్ గ్యాస్‌కి ఆకులు త్వరగా పసుపుపచ్చగా అయిపోతాయి.

ప్రశ్న: ఆకుల మీద చిల్లులు చూసి కొనేవాళ్లు వద్దంటున్నారు. చిక్కుడుకి పేనుబంక (చిగుళ్ల రసం పీల్చే చిన్న పురుగులు) కూడా పట్టింది. వేపనూనె కొడితే పోతుందా?

జవాబు: పోతుంది గానీ ముందు ఆకు తిప్పి చూడండి. నల్లగా, ఆరెంజ్ మచ్చలతో, చిట్టి మొసలి పిల్లలా ఏదైనా పాకుతుంటే అది అక్షింతల పురుగు పిల్ల, పేనుబంకని తినేది అదే, అది ఉంటే ఒక వారం చేయి ఆపండి. తక్కువగా ఉంటే గట్టిగా నీళ్లు కొట్టినా పేనుబంక రాలిపోతుంది. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, నూనె నీళ్లల్లో కలవడానికి కొంచెం సబ్బునీళ్లు వేసి, తేనెటీగలు తిరగని సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టండి. అసలు ఎరువు ఎక్కువైందేమో కూడా చూసుకోండి, నత్రజని ఎక్కువైతే లేత చిగుళ్లు వస్తాయి, పేనుబంకకి అవంటే మహా ఇష్టం. చిల్లులంటారా, బాగున్న కట్టలు ఒకవైపు, చిల్లులున్నవి తక్కువ రేటుకి ఇంకోవైపు పెట్టండి, కొనేవాళ్లే ఏరుకుంటారు. రెండూ కలిపి కట్ట కట్టారో, మంచివి కూడా మిగిలిపోతాయి.

ప్రశ్న: పచ్చి పేడ నేరుగా మడుల్లో వేయొచ్చా?

జవాబు: కోతకి దగ్గర్లో అయితే అస్సలు వద్దు. అందులో కలుపు గింజలుంటాయి, మనిషికి జబ్బు చేసే క్రిములూ ఉంటాయి, ఆకుకూర పచ్చిగా తినేవాళ్లుంటే మరీ ప్రమాదం. కుప్ప వేసి, తడి ఆరకుండా చూసుకుంటూ తిరగేస్తూ ఉంటే లోపల 55 నుంచి 65 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, చాలావరకు ఆ వేడికే చస్తాయి. తప్పక పచ్చిది వేయాల్సొస్తే మట్టికి తగిలే కూరలకి కోతకి కనీసం 120 రోజుల ముందే వేసి మట్టిలో కలిపేయండి.

ప్రశ్న: బోర్డు మీద ఆర్గానిక్ అని రాసుకోవచ్చా?

జవాబు: చాలా దేశాల్లో ఆ మాట వాడాలంటే సర్టిఫికెట్ ఉండాలి, ముందు రసాయనాలు వాడిన నేలకైతే అవి మానేశాక మామూలుగా 2, 3 ఏళ్ల మార్పిడి కాలం కూడా గడవాలి. మీ దగ్గర రూలేంటో కనుక్కునేదాకా ఆ మాట పక్కనపెట్టి, మీరు ఏం వేస్తున్నారో ఏం వేయట్లేదో అదే రాయండి. అడిగినవాళ్లని తోటలోకి తీసుకెళ్లి ఎరువు కుప్ప చూపించండి, మాకైతే బోర్డు కంటే దాన్ని చూసి కొన్నవాళ్లే ఎక్కువ.