ఇప్పటి హిప్‌హాప్, రాక్ మునుపటితో పోలిస్తే దిగజారిపోయాయా? మ్యూజిక్ ఫెస్టివల్ టికెట్‌కు వేలు పోయడం దండగా?

దిగజారలేదు. అయితే రెండింటికీ కలిపి ఒకే జవాబు చెప్పలేను. హిప్‌హాప్ రికార్డింగుల్లో చాలా బాగుంది, స్టేజీ మీద మాత్రం బద్ధకించింది. రాక్ సరిగ్గా తలకిందులు. నన్ను పట్టి నిలబెట్టే కొత్త పాటలు తగ్గాయి కానీ, స్టేజీ ఎక్కితే ఈ రోజుకీ దానికి ఎదురు లేదు. ఇరవై ఏళ్లుగా జీతంలో కొంత పక్కన పెట్టి ఊరూరా కచేరీలకు తిరుగుతున్నాను. ఆ అనుభవంతోనే ఈ మాట అంటున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు, ఉండేది హైదరాబాద్. నేను మొదటినుంచీ రాక్ మనిషిని. 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి అమెరికా బ్యాండ్ మెటాలికా వచ్చినప్పుడు బురదలో నిలబడి గొంతు పోయేదాకా అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను. మా అక్క కూతురికి పంతొమ్మిదేళ్లు, తనకి ర్యాప్, అంటే హిప్‌హాప్‌లో తాళానికి తగ్గట్టు మాటలు గబగబా చెప్పడం, ప్రాణం. 2024లో ర్యాపర్లు కెండ్రిక్ లామార్, డ్రేక్ ఒకరి మీద ఒకరు పాటలు వదులుతుంటే, ఏ లైనులో ఎవరు ఎవరిని ఏమన్నారో అర్ధరాత్రి ఫోన్ చేసి మరీ విడమరిచి చెప్పేది. మన తిట్టుకవిత్వం గురించి మా తెలుగు మాస్టారు చెప్పిన పాఠం అప్పుడు గుర్తొచ్చింది. నాకు ర్యాప్ వినడం నేర్పింది ఆ పిల్లే. కాబట్టి నాకు హిప్‌హాప్ అంటే చిన్నచూపని ఎవరూ అనుకోవద్దు.

కిందటేడు నగర శివార్లలో జరిగిన ఒక ఫెస్టివల్‌కి ఇద్దరం కలిసి వెళ్లాం. ఆ ఫెస్టివల్ పేరు, అక్కడ మేం చూసిన ర్యాపర్ పేరు చెప్పను. అతనంటే మా పిల్లకి చాలా ఇష్టం. పదో తరగతి నుంచి అతని పాటలన్నీ కంఠతా వచ్చు. మధ్యాహ్నం నుంచి నీళ్లు కూడా సరిగ్గా తాగకుండా, చోటు పోతుందని ముందు వరసలోనే నిలబడింది. అతను వచ్చాడు, మంటలు లేచాయి, జనం ఊగిపోయారు. మూడో పాట మధ్యలో, వెనక డీజే ల్యాప్‌టాప్‌కి ఏమైందో గానీ, ట్రాక్ ఆగిపోయింది. ట్రాక్‌తో పాటు అతని గొంతూ ఆగిపోయింది. మైకు ఇంకా నోటి దగ్గరే ఉంది, పెదాలు ఇంకో అర సెకను కదిలాయి. అప్పటిదాకా మేం విన్నదంతా రికార్డింగే. ప్రతి లైనులో చివరి మాట ఒక్కటే అతను అరుస్తున్నాడు.

నాకు మరిచిపోలేనిది ఆ తర్వాత జరిగింది. ముందు వరసల్లో ఉన్న పిల్లలు ఆగలేదు. ట్రాక్ లేకుండానే చప్పట్లతో తాళం వేస్తూ తర్వాతి ఎనిమిది లైన్లూ చెప్పేశారు. ఒక్క మాట తప్పలేదు. మా పిల్ల కళ్లు మూసుకుని చెబుతోంది. అతను ఆ పిల్లలతో గొంతు కలిపి ఉంటే, నేను చూసిన అన్ని కచేరీల్లోకీ అదే గొప్పదయ్యేది. వాళ్లకి వీపు తిప్పి డీజే వైపు చేతులు ఊపాడు. ట్రాక్ మళ్లీ మొదలైంది, మొదటినుంచి. తిరిగొస్తుంటే కారులో చాలాసేపు మాట్లాడలేదు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక అంది: "మావయ్యా, అతనికంటే మాకే బాగా వచ్చు కదా." నాకు కడుపులో దేవినట్టయింది.

ఇది ఒక్కడి సంగతి కాదు. ఈ రోజుల్లో పది మంది ర్యాపర్లను స్టేజీ మీద చూస్తే ఏడుగురు ఇంతే. గాలి ఆడనంత వేగంగా చెప్పడం కష్టమే, ఒప్పుకుంటాను. అందుకే కదా పక్కన ఇంకొకర్ని పెట్టుకునే పద్ధతి వచ్చింది. ప్రధాన ర్యాపర్ ఊపిరి తీసుకునే చోట అతను మాట అందుకుంటాడు. బుర్రకథ చూసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. కథకుడికి ఒక పక్క హాస్య వంత, ఇంకో పక్క రాజకీయ వంత ఉంటారు. కథకుడికి ఆయాసం వచ్చే చోట వాళ్లు అందుకుంటారు. మా ఊళ్లో మైకు గోల పెడితే కథకుడు దాన్ని పక్కకు జరిపి, తంబురా భుజాన సర్దుకుని కథ కొనసాగించడం నా చిన్నప్పుడు చూశాను. వెనక వరసలో మా నాయనమ్మకు కూడా మాట స్పష్టంగా వినబడేది.

ఇప్పుడు రాక్ సంగతి. 2025 మార్చి 9న ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్సులో, లొల్లపలూజా ఫెస్టివల్ రెండో రోజు, అమెరికా రాక్ బ్యాండ్ గ్రీన్ డే వచ్చారు. మన దేశంలో వాళ్లకి అదే మొదటి కచేరీ. అదే రోజు దుబాయ్‌లో చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్. మా చుట్టూ ఉన్నవాళ్ల కళ్లన్నీ ఫోన్లలో స్కోరు మీదే. బ్యాండ్ మొదలుపెట్టాక మా దగ్గర్లో ఒక్కరూ స్కోరు అడగలేదు. ముఖ్యులు ముగ్గురూ యాభై దాటినవాళ్లు. డ్రమ్ము దెబ్బ ముందు ఛాతీకి తగిలి తర్వాత చెవికి చేరింది. మా పిల్లకి వాళ్ల పాటలు సరిగ్గా తెలియవు, నా కోసం వచ్చింది. నాలుగైదు పాటలయ్యాక నా చెయ్యి పట్టుకుని అంది: "ఊపిరి తీసుకోవడం వినబడుతోంది మావయ్యా!"

హిప్‌హాప్‌లో ఇది కుదరదని కాదు. ర్యాపర్ హనుమాన్‌కైండ్‌ని చూడండి. పుట్టింది కేరళలో, పెరిగింది హ్యూస్టన్‌లో, ర్యాపర్‌గా ఎదిగింది బెంగళూరులో. 2024లో అతని 'బిగ్ డాగ్స్' వీడియో ప్రపంచమంతా తిరిగింది. మన ఎగ్జిబిషన్లలో చెక్క బావి గోడల మీద బైకులు తిప్పుతారే, ఆ వీడియో తీసింది అలాంటి బావిలోనే. 2025 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో కోచెల్లా ఫెస్టివల్ స్టేజీ మీదికి కేరళ డోలు చెండ వాయించేవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఆ మోత ల్యాప్‌టాప్‌లోంచి వచ్చేది కాదు. మనవాళ్లు డప్పులు తీసుకుని అలా ఎందుకు వెళ్లరని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎందుకు వెళ్లరో నాకు తెలుసు. మన దగ్గర ర్యాప్ అంటే సినిమాలో హీరో నడిచొచ్చేటప్పుడు వేసే నాలుగు లైన్లు. రోల్ రైడా, ప్రణవ్ చాగంటి లాంటివాళ్లు ఏళ్ల తరబడి తెలుగులో రాస్తున్నా, సినిమా బయట వాళ్ల పాట ఎంతమంది వింటారు? కాలేజీ ఫెస్టులు కూడా డీజేలకూ సినిమా గాయకులకూ వదిలేశారు. కుర్రాళ్ల బ్యాండ్‌కి అరగంట ఇవ్వరు. బెంగళూరు బ్యాండ్ ఆగమ్ త్యాగయ్య కీర్తనలను గిటార్లతో వాయిస్తే కేరళ నుంచి ముంబై దాకా చెవులప్పగించి వింటారు. ఆ సాహిత్యం తెలుగే! మనకెందుకు పట్టదో నాకు అర్థం కాదు.

ఫెస్టివళ్ల మీద ఇంకో కోపం కూడా ఉంది. ఒక చోట మంచినీళ్ల సీసా గేటు దగ్గరే తీసేసుకుని, లోపల వంద రూపాయలకు అమ్మారు. లోపల ఖర్చుకని డబ్బు వేయించుకున్న చేతిపట్టీలో మిగిలింది వెనక్కిమ్మంటే దానికీ కోత పెట్టారు. స్టేజీ ముందు భాగం మొత్తం ఖరీదైన టికెట్ల వాళ్లకు కేటాయిస్తారు. అక్కడివాళ్లు స్టేజీకి వీపు పెట్టి సెల్ఫీలు దిగుతుంటే, పాటలన్నీ నోటికొచ్చిన పిల్లలు కంచె బయట ఉంటారు. ఇది చాలా అన్యాయం.

ఇక మీ డబ్బు సంగతి. రాక్ బ్యాండ్ అయితే కళ్లు మూసుకుని కొనండి. మధ్యాహ్నం మూడింటికే వెళ్లి చిన్న స్టేజీల దగ్గర నిలబడండి, అసలైన సంగీతం ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. సౌండ్ ఇంజనీరు కూర్చునే గుడారం ముందు చోటు చూసుకోండి, శబ్దం అన్నిటికంటే సమంగా వినబడేది అక్కడే. ర్యాపర్ కోసమైతే కొనేముందు యూట్యూబ్‌లో అతని కచేరీ వీడియో వెతకండి. కంపెనీవాళ్లు ఎడిట్ చేసింది కాదు, జనంలో ఎవరో ఫోన్‌తో తీసింది చూడండి. పాటకీ పాటకీ మధ్య అతను ఆయాసపడుతుంటే టికెట్ కొనండి.