ఇతామి మీద నీ వ్యాసం చదివాక

తమ్ముడూ,

జపాన్ సినిమా దర్శకుడు జూజో ఇతామి గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. కష్టపడ్డావని తెలుస్తూనే ఉంది. కానీ ఎత్తుకోవడమే 1997 డిసెంబరులో ఆయన భవనం మీంచి పడి చనిపోవడంతో ఎత్తుకున్నావు. ఆయన తీసినవేమో కామెడీలు. చావుతో మొదలుపెడితే తర్వాత ఏ సీను చెప్పినా చదివేవాడికి నవ్వు రాదు. ఆ సంగతి చివర్లో రెండు వాక్యాల్లో చెప్పు చాలు. ఎందుకు, ఎవరు అన్న ఊహాగానాల జోలికి పోకు.

"51వ ఏట కల నెరవేరింది" అన్న మాట కొట్టెయ్యి. ఎవరి గురించైనా రాసేయొచ్చు అలా. తండ్రి మన్సాకు ఇతామి పేరున్న దర్శకుడు, కొడుక్కి పదమూడేళ్లప్పుడు పోయాడు. కొడుకు నటుడయ్యాడు, వ్యాసాలు రాశాడు, '55 డేస్ ఎట్ పెకింగ్', 'లార్డ్ జిమ్' లాంటి హాలీవుడ్ సినిమాల్లో చిన్న వేషాలు వేశాడు. 1983లో 'ది ఫ్యామిలీ గేమ్'లో తండ్రి పాత్ర. ఆ మరుసటి ఏడాదే, 1984లో, దర్శకుడిగా తొలి పూర్తి నిడివి సినిమా 'ది ఫ్యునరల్' తీశాడు. మధ్యలో గడిచిన ఏళ్లన్నీ ఎదురుచూపులే అన్నట్టు రాశావు. నాకలా అనిపించదు. ఫ్రేములో ఓ మూల నిలబడ్డ మనిషికీ ఏదో పని ఉంటుందని అన్నేళ్లు చిన్న పాత్రలు వేసినవాడికి బాగా తెలుస్తుంది. ఆయన తీసిన 'టాంపోపో'లో కథతో సంబంధం లేనివాళ్లు కూడా వచ్చి తమ భోజనం తాము చేసి పోతారు, చూడు!

'ది ఫ్యునరల్' పుట్టింది మామగారి అంత్యక్రియల్లోంచి. సినిమాలో భార్యాభర్తలిద్దరూ నటులే. భార్యగా వేసింది ఆయన భార్య నోబుకో మియమోతో. పరామర్శకు వచ్చినవాళ్లకి ఎలా బదులివ్వాలో తెలియక, మర్యాదలు నేర్పే వీడియో క్యాసెట్ పెట్టుకుని పాఠంలా చూస్తారు. చావింట్లో కూడా డైలాగు బట్టీ పట్టాల్సి వచ్చింది పాపం. ఇంత సీను చేతిలో ఉండగా నువ్వు "సున్నితమైన వ్యంగ్యం" అని రెండు మాటల్లో తేల్చేశావు.

'టాంపోపో' విషయంలోనూ అంతే. "ఆహారం మీద ప్రేమ" అన్నావు. రామెన్ (జపాన్ వాళ్ల నూడుల్స్ సూప్) ఎలా తినాలో ఓ పెద్దాయన కుర్రాడికి నేర్పుతాడు కదా, అది రాయాల్సింది. ముందు గిన్నెని చూడాలి, వాసన ఆస్వాదించాలి, పంది మాంసం ముక్కని చాప్‌స్టిక్‌లతో మెల్లగా తాకి పక్కన పెట్టి, మళ్లీ కలుద్దామని దానికి చెప్పాలి. ఆ పెద్దాయన మొహంలో వెటకారం ఉండదు, పూజ చేస్తున్నంత శ్రద్ధ. నవ్వు అక్కడే పుడుతోంది.

'మిన్బో' పేరా బాగుంది. యాకుజా వాళ్లని, అంటే జపాన్ మాఫియా ముఠాల్ని, వెక్కిరించిన ఆ సినిమా 1992 మేలో విడుదలైంది. వారం తిరక్కుండానే వాళ్లు ఆయన మొహం కోశారు. "ధీరోదాత్తుడు" లాంటి మాటలు తీసేస్తే ఇంకా గట్టిగా తగులుతుంది.

మొత్తం తిరగరాయకు. ముందు ఆ వీడియో క్యాసెట్ సీను ఇంకోసారి చూసి, ఒక్క విశేషణం లేకుండా పది వాక్యాల్లో రాసి పంపు. మిగతాది తర్వాత చూద్దాం.

ఇట్లు,
అన్నయ్య