క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లు తాగితే రోగనిరోధక శక్తి తగ్గుతుందా?

కుళాయి నీటిలో మామూలుగా ఉండే మోతాదులో తగ్గుతుందని మనుషుల్లో రుజువు కాలేదు. అనుమానం క్లోరిన్ మీద కాదు, దాని ఉప ఉత్పత్తుల మీద. నీటిలో కుళ్లిన ఆకులు, నాచు నుంచి వచ్చే సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిస్తే ట్రైహాలోమీథేన్లు, హాలోఎసిటిక్ ఆమ్లాలు పుడతాయి. వీటిలో డైబ్రోమోఎసిటిక్ ఆమ్లాన్ని ఎలుకలకు పెద్ద మోతాదులో ఇస్తే, రోగాలతో పోరాడే టీ కణాలు (T cells) తయారయ్యే థైమస్ గ్రంథిలో కణాలు చనిపోయాయి. ఆ ప్రయోగాల్లో లెక్క శరీర బరువు కిలోకు మిల్లీగ్రాముల్లో. కుళాయి నీటిలో ఉండేది లీటరుకు మైక్రోగ్రాముల్లో, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతుల్లో. అమెరికాలో ఐదు రకాల హాలోఎసిటిక్ ఆమ్లాలకు కలిపి పరిమితి లీటరుకు 60 మైక్రోగ్రాములే.

ఉదాహరణకు, ఆకులు నాని టీ రంగు తేలిన చెరువు నీటిలో నేరుగా బ్లీచింగ్ పౌడర్ వేస్తే ఈ ఉప ఉత్పత్తులు ఎక్కువ పుడతాయి, క్లోరిన్ కూడా ఆ సేంద్రియ పదార్థానికే ఖర్చయిపోతుంది. ముందు పటికతో తేర్చి, వడగట్టి, ఆ తర్వాత క్లోరిన్ కలిపి అరగంట ఉంచాలి. అప్పటికీ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ఎండాకాలంలోనూ, నీళ్లు ట్యాంకులో రోజుల తరబడి నిలిచినా ఈ ఉప ఉత్పత్తులు పెరుగుతాయి.

చాలామంది వాసనను బట్టి వీటిని అంచనా వేస్తారు. ఆ ఘాటు క్లోరిన్‌దే. ఈ పదార్థాలు అంత తక్కువలో ముక్కుకు తెలియవు. కార్బన్ ఫిల్టర్ ట్రైహాలోమీథేన్లను పట్టుకుంటుంది, కార్ట్రిడ్జ్ నిండాక మాత్రం వదిలేస్తుంది. వీటికి భయపడి క్లోరిన్ మానేస్తే కలరా, టైఫాయిడ్ ముప్పు అంతకంటే చాలా పెద్దది.