ఏ ఆర్డర్ ముందు ఎక్కించాలో రాత్రే రాసుకో నైనా

నైనా, రేణిగుంట ప్లాంట్‌లో లైన్ నీ చేతికిచ్చినారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, చానా సంతోషం. మొన్న ఓవర్‌టైం జాస్తి అవతా ఉండాది, ఇంకో టెస్టింగ్ బెంచి అడగాల అన్నావే, దానికే ఈ నాలుగు ముక్కలు రాస్తా ఉండా. బెంచి సంగతి తర్వాత, ముందు ఏ ఆర్డర్ ఎనక ఏది ఎక్కిస్తా ఉండావో చూసుకో.

మూడు ఆర్డర్లు ఉండాయనుకో. మొదటిదానికి అసెంబ్లీ 6 గంటలు, టెస్టింగ్ 2. రెండోదానికి 1, 5. మూడోదానికి 4, 4. ఒక్కోటి మొత్తం అసెంబ్లీ అయినాకే టెస్టింగ్‌కి పోతుంది. వచ్చిన వరసలోనే ఎక్కిస్తే టెస్టింగ్ పిల్లోళ్ళు మొదట్లోనే 6 గంటలు ఊరికే కూర్చోవాల, అంతా అయ్యేసరికి 17 గంటలు. అదే రెండోది ముందు, మూడోది మధ్యలో, మొదటిది ఆఖర్న పెట్టు, 13 గంటలకే అయిపోతుంది! మనిషిని పెంచలా, మిషన్ కొనలా. నా మాట నమ్మద్దు, పేపర్ మీద గీతలు గీసి నువ్వే లెక్కేసుకో. 1954లో జాన్సన్ అనే ఆయన చెప్పిన పద్ధతి ఇది: అన్నిట్లోకీ చిన్న అంకె వెతుకు, అది అసెంబ్లీది అయితే ఆ ఆర్డర్ ముందుకి, టెస్టింగ్‌ది అయితే చివరికి, దాన్ని పక్కనపెట్టి మిగిలినవాటికి మళ్ళా అట్నే. రెండు స్టేజీలు ఉండే లైన్‌కి ఇది బాగా పనికొస్తుంది.

పెయింటింగ్ ఉంటే మాత్రం వేరే లెక్క. నేను లైన్ చూసేటప్పుడు సేల్స్ వాళ్ళు ఫోన్ చేసినారని నలుపు అయిన వెంటనే తెలుపు ఎక్కించినా, గన్ సరిగ్గా కడగలా, తెల్ల కవర్ల మీదంతా బూడిద చుక్కలు, లాట్ మొత్తం రుద్ది మళ్ళా కొట్టినాం. అప్పట్నుంచీ లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత, ఎవురు ఫోన్ చేసినా సరే.

డెలివరీ తేదీ దగ్గరపడిన ఆర్డర్ ఉంటే ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి దాన్నే ముందు పంపు. మన చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీల్లో చూసినావు గదా, మాగిన తోతాపురి ఆగదు.

ఇంకొకటి, సామాను రాని ఆర్డర్‌ని వరసలోనే పెట్టద్దు. లారీ గేటు కాడికి వచ్చేసింది సార్ అంటారు స్టోర్స్‌లో, ఆ మాట మీద లైన్ ఎక్కించి మధ్యాహ్నానికి స్క్రూలు లేక నిలబెట్టుకున్నోళ్ళని చానామందిని చూసినా. రాత్రి షిఫ్ట్ దిగేముందు నువ్వే పోయి డబ్బా తెరిచి చూడు.

ఆదివారం ఇంటికొచ్చేటప్పుడు ఈ వారం ఆర్డర్ల లిస్టు పట్టుకురా, ఇద్దరం కూర్చుని వరస వేద్దాం.

మీ మామ