అమ్మాయి అమెరికన్ సిటిజన్, మాది బీసీ-డి.. ఎంబీబీఎస్‌లో రిజర్వేషన్ అడగొచ్చా?

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం సార్. నాకూ మా ఆవిడకీ గ్రీన్ కార్డ్ ఉంది, పాస్‌పోర్ట్ ఇంకా ఇండియాదే. అమ్మాయి 2009లో ఇక్కడే పుట్టింది, 2012లో ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డ్ చేయించాం. ఇప్పుడు నీట్ రాసి హైదరాబాద్‌లో చదువుతానంటోంది. మాది జగిత్యాల దగ్గర, బీసీ-డి. నా క్యాస్ట్ సర్టిఫికెట్‌తో తనకి కోటా వస్తుందా? ఓసీఐ అంటే డ్యూయల్ సిటిజన్‌షిప్పే కదా. మా నాన్న రెండెకరాల పొలం తన పేరున గిఫ్ట్ చేస్తానంటున్నారు. ఇక్కడ స్కూల్ ఫారంలో రేస్ దగ్గర ఏషియన్ అని టిక్ పెడుతున్నాం, అదేమైనా అడ్డొస్తుందా?

జవాబు: టిక్ సంగతి ముందు చెప్పేస్తాను, అది ఏ అడ్డూ రాదు. అక్కడ రేస్ అనేది మీరు మీ గురించి మీరు చెప్పుకునేది, దాన్ని చూసి ఎవరూ పౌరసత్వం ఇవ్వరు, తీసేయరు. అమెరికన్ పాస్‌పోర్ట్‌లో అసలు ఆ కాలమే లేదు, నేషనాలిటీ, పుట్టిన చోటు ఉంటాయి అంతే. ఫారంలో టిక్ పెట్టే ఆ డబ్బాలు కూడా ఎప్పుడూ ఒకేలా లేవండి. 1970 సెన్సస్‌లో మనవాళ్లని తెల్లవాళ్లలో కలిపి లెక్కపెట్టారు, 1980లో ఏషియన్ ఇండియన్ అని విడిగా డబ్బా పెట్టారు. మనుషులు వాళ్లే, డబ్బా మారింది.

ఒకప్పుడు మాత్రం అదే డబ్బా బతుకుల్ని తేల్చేసింది. భగత్ సింగ్ థింద్ అని పంజాబ్ నుంచి వెళ్లి అమెరికా ఆర్మీలో మొదటి ప్రపంచ యుద్ధమప్పుడు పనిచేసినాయన, సిటిజన్‌షిప్ కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు, ఎందుకంటే అప్పటి చట్టం తెల్లవాళ్లకీ ఆఫ్రికా మూలాలున్నవాళ్లకే నాచురలైజేషన్, అంటే బయటినుంచి వచ్చినవాళ్లకి పౌరసత్వం, ఇచ్చేది. మేము ఆర్యులం, పై కులంవాళ్లం, కాబట్టి కకేషియన్లమే అని ఆయన తరఫున వాదించారు. అంతకు మూడు నెలల ముందే 1922లో ఒజావా అనే జపాన్ ఆయన కేసులో అదే కోర్టు తెల్లవాళ్లంటే కకేషియన్లు అని చెప్పి ఉంది మరి. 1923లో థింద్ దగ్గరికొచ్చేసరికి శాస్త్రం మాకెందుకు, మామూలు మనిషి ఎవర్ని తెల్లవాడంటాడో అదే లెక్క అని మాట మార్చేసింది. అప్పటికే సిటిజన్‌షిప్ వచ్చిన ఇండియన్లలో చాలామందికి తీసేశారు కూడా. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చాక గానీ మనవాళ్లకి ఆ తలుపు తెరుచుకోలేదు. ఇప్పుడు రంగు చూసే ఆ పాత చట్టం లేదు, మీ అమ్మాయి అక్కడ పుట్టింది కాబట్టి అమెరికా రాజ్యాంగం 14వ సవరణ కింద అమెరికన్ అయింది, రేస్ ఏదైనా సరే.

ఇక అసలు చిక్కు ఓసీఐ. పేరులో సిటిజన్ అని ఉండటం వల్ల సగం మంది ఇక్కడే పడతారు, నా దగ్గరికి వచ్చేవాళ్లు కార్డ్ టేబుల్ మీద పెట్టి సిటిజన్ అని రాసి ఉంది చూడండి సార్ అంటారు. అది డ్యూయల్ సిటిజన్‌షిప్ కాదండి. 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 7ఏ కింద, మీ తల్లిదండ్రులో తాతలో ముత్తాతలో భారతీయులన్న వారసత్వాన్ని గుర్తించి ఇచ్చే రిజిస్ట్రేషన్ అది. జీవితాంతం వీసా లేకుండా రావచ్చు పోవచ్చు, ఉండొచ్చు, కానీ ఓటు లేదు, మామూలు గవర్నమెంట్ ఉద్యోగం లేదు. రక్తసంబంధం చూసి ఇచ్చిన కార్డ్, దేశంతో బంధం ఇచ్చిన కార్డ్ కాదు.

అందుకే బీసీ కోటా కుదరదు. మీ కుటుంబం బీసీ-డి కాదని ఎవరూ అనట్లేదు, అది మీ పుట్టుక నుంచి వచ్చింది, అమెరికా వెళ్తే పోయేది కాదు. కానీ ఆర్టికల్ 15(4) రిజర్వేషన్ ఇచ్చేది వెనుకబడిన తరగతుల పౌరులకి, ఆ పౌరులకి అన్న మాట రాజ్యాంగంలోనే ఉంది. మీరు పౌరులు, అమ్మాయి కాదు. మీ సర్టిఫికెట్ పెట్టి ఆ కాలమ్ నింపితే తర్వాత సీటుకే ఎసరొస్తుంది, దయచేసి ఆ పని చేయొద్దు.

అలాగని దారులన్నీ మూసుకుపోలేదు. 2021 మార్చి 4న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి, ఓసీఐ వాళ్లు నీట్, జేఈఈ రాయొచ్చు గానీ ఎన్నారై సీట్లు, సూపర్‌న్యూమరరీ (మామూలు సంఖ్యకి పైన అదనంగా పెట్టే) సీట్లకే అంది. దాని మీద కొందరు కోర్టుకెళ్తే 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ రూల్ ముందుకే వర్తిస్తుంది, అంతకు ముందే ఓసీఐ తీసుకున్నవాళ్ల పాత హక్కు పోదు అని తేల్చింది. మీది 2012 కార్డ్ కాబట్టి జనరల్ సీట్లకి పోటీ పడే వాదన మీకుంది. రీఇష్యూ చేయించి ఉంటే కొత్త కార్డ్ మీద కొత్త తేదీ ఉండొచ్చు, అందుకని మొదటి కార్డ్ కాపీ జాగ్రత్తగా పెట్టుకోండి, కౌన్సెలింగ్‌లో దాన్నే అడుగుతారు. తెలంగాణ స్టేట్ కోటాలో లోకల్ అన్నది మళ్లీ వేరే గొడవ, రాజ్యాంగం ఆర్టికల్ 371డి కింద ముఖ్యంగా ఎక్కడ చదివారో చూస్తారు, తాతది జగిత్యాల అయితే చాలదు. ప్రైవేట్ కాలేజీల్లో సీ కేటగిరీ, అంటే ఎన్నారై కోటా, ఖర్చుకి సిద్ధపడితే అదొకటి ఉంది.

పొలం మాటకొస్తే, నాన్నగారు గిఫ్ట్ డీడ్ రాస్తే చెల్లదు. ఫెమా (విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం) రూల్స్ ప్రకారం ఓసీఐ వాళ్లు వ్యవసాయ భూమి కొనకూడదు, గిఫ్ట్‌గా తీసుకోకూడదు. ఇక్కడో తమాషా ఉంది, మీ పేరున రాసినా అంతే! మీరు భారతీయులే, పాస్‌పోర్ట్ కూడా ఉంది, కానీ ఎన్నారై కాబట్టి మీకూ అదే రూల్, ఇక్కడ సిటిజన్‌షిప్ కాదు ఉండే చోటు చూస్తారు. ఇల్లు, ప్లాటు అయితే గిఫ్ట్ ఇవ్వొచ్చు. పొలం మాత్రం వారసత్వంగా వస్తే తీసుకోవచ్చు, తర్వాత అమ్మాలంటే ఇండియాలో ఉండే భారతీయుడికే అమ్మాలి. కాబట్టి పెద్దాయన్ని రిజిస్ట్రేషన్‌కి తొందరపెట్టకండి, ఊళ్లో లాయర్‌తో కూర్చుని వీలునామా సంగతి మాట్లాడమనండి.

అమ్మాయి నిజంగా భారతీయ పౌరురాలు కావాలనుకుంటే పౌరసత్వ చట్టంలో సెక్షన్ 5(1)(జీ) ఉంది, ఓసీఐగా ఐదేళ్లు పూర్తై, అప్లై చేసే ముందు పన్నెండు నెలలు ఇండియాలోనే ఉండాలి, అమెరికన్ సిటిజన్‌షిప్ వదులుకోవాలి. అది పద్దెనిమిది నిండాక తను తేల్చుకునే విషయం, కోటా కోసం మీరు తేల్చేది కాదు. మీ సంగతి, రేపు మీరు అమెరికాలో సిటిజన్‌షిప్ ఓత్ తీసుకున్న రోజే అదే చట్టం సెక్షన్ 9 కింద మీ భారత పౌరసత్వం పోతుంది, ఎవరూ నోటీసు పంపరు, ఆ తర్వాత పాత పాస్‌పోర్ట్‌తో ప్రయాణం చేయకుండా కాన్సులేట్‌లో సరెండర్ చేసి మీకూ ఓసీఐ పెట్టుకోండి.