సమాధానం: నా గురించి ఆలోచించుకుంటే స్వార్థమా?

ఎవరైనా మెచ్చుకుంటే 'నాదేముందండీ' అనేస్తానని, ఏ పని అడిగినా కాదనలేక తర్వాత వాళ్ల మీదే లోలోపల కోపం పెంచుకుంటానని రాశారు. తన గురించి ఆలోచించుకోవడం స్వార్థమేమో అని కూడా అడిగారు.

నాకైతే మీరు వినయం అనుకుంటున్నదాంట్లో సగం భయమే కనిపిస్తోంది. కాదంటే దూరమైపోతారేమోనన్న భయం. వినయమంటే ఉన్నది ఉన్నట్టు చూసుకోవడం: ఇది నాకు వచ్చు, అది రాదు, అంతే. అస్తమానం తనను తాను తిట్టుకునేవాళ్ల ధ్యాస కూడా, గొప్పలు చెప్పుకునేవాళ్లలాగే, తమ మీదే ఉంటుంది (కటువుగా అనిపిస్తే ఏమీ అనుకోకండి).

మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టిన్ నెఫ్ 2003లో స్వీయ కరుణకు మూడు భాగాలు చెప్పారు: తనతో దయగా ఉండటం, తప్పులూ బాధలూ మనుషులందరికీ ఉండేవేనని గుర్తించడం, బాధను అణచకుండా, అందులో మునిగిపోకుండా గమనించడం. మీకు కావలసింది ఆ రెండోది. 'నేనూ అందరిలాంటి మనిషినే' అనుకోవడంలో వినయమూ ఉంది, తన మీద ప్రేమా ఉంది. తన పొరపాటును మన్నించుకోగలిగితే ఎదుటివాళ్ల పొరపాటు దగ్గరా కాస్త ఓపిక వస్తుంది.

ఇక ఆచరణకు వస్తే, మెచ్చుకున్నప్పుడు 'థాంక్స్' అని ఆగిపోండి. పని అడిగితే 'చూసుకుని సాయంత్రం చెప్తాను' అనండి. ఈలోగా, చేశాక వాళ్ల మీద చిరాకు పడతానా అని ఆలోచించండి. పడతాననిపిస్తే చేయగలిగినంతకే ఒప్పుకోండి. మొదట్లో టెన్షన్‌గానే ఉంటుంది, ఒకరిద్దరు మొహం మాడ్చుకుంటారు కూడా. నిద్ర పట్టనంత దిగులుగా ఉంటే మాత్రం కౌన్సెలర్‌ను కలవండి.